ఎనిమిది-బి, ముప్పై ఏడు

నేను ఎల్లారెడ్డిలో బస్సు దిగి సార్ ఇంటికి చేరేసరికి ఆయనను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. లోపలి గదిలో ఆయన ల్యాప్‌టాప్ ఇంకా నడుస్తూనే ఉంది. తెర మీద ఒక చిన్న బొమ్మ మనిషి నిచ్చెన పక్కన, గోడకు ఎదురుగా, ఒక కాలు పైకెత్తి ఆగిపోయి ఉన్నాడు. పై మూలన ఒకే ఒక్క ప్రాణం మిగిలినట్టు గుర్తు.

సార్ ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉంది. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా తొడుక్కొని, బస్సుకు ఇంకా టైముందని కూర్చొని ఆడుతూ ఛాతీ పట్టుకున్నారట. ముందు ఆట ఆపే మీట నొక్కారు. తర్వాత భార్యను పిలిచారు. ఈ వరుస ఆమే చెప్పింది నాకు. మెట్ల దగ్గర బియ్యం ఏరుతున్న ఆమెకు ముందు ఆట పాట ఆగిపోవడం వినిపించింది, ఆ తర్వాత ఆయన గొంతు.

"పొద్దటిసంది కరెంటు లేదు బిడ్డా. అండ్ల ఎర్రది వెలుగుతున్నది. బందువెట్టాల్నా?" అని అడిగింది.

పాత టీవీ గేములకు జ్ఞాపకం ఉండదు. స్విచ్ కట్టేస్తే ఎంత దూరం వెళ్ళిన ఆట అయినా మళ్ళీ మొదటి మెట్టుకే వస్తుంది. కంప్యూటర్‌లో అట్లా కాదు. ఒక మీట నొక్కితే, ఆట ఏ క్షణంలో ఉందో ఆ క్షణాన్ని అట్లాగే దాచిపెడుతుంది. ఆ సౌకర్యాన్ని సార్ మూడు నెలల్లో ఒక్కసారి కూడా వాడుకోలేదు. అది కాపీ కొట్టడమేనని ఆయన తీర్పు. ఎర్ర దీపం మిణుకుతుంటే నేను కాసేపు నిలబడ్డాను. తర్వాత ఆ మీట నొక్కాను.

బల్ల కింద ఆయన గుడ్డ సంచి ఉంది. అందులో చేతిరుమాలులో చుట్టిన పసుపుపచ్చ గేమ్ కేసెట్ ఒకటి. దానికి దారంతో కట్టిన చీటీ మీద ఎర్ర సిరాతో "8-బి, 37" అని ఉంది. ఆ పొద్దున తొమ్మిది బస్సుకు నాగిరెడ్డిపేట పోయి, ఆ కేసెట్‌ను ఒక మనిషికి తిరిగి ఇచ్చి రావాలని ఆయన తయారయ్యారు. నేను కూడా వెళ్ళవలసింది.

ఆయన నాకు చదువు చెప్పిన సార్ కారు. మా పరిచయం తప్పుల వల్ల అయింది. మా పత్రిక కామారెడ్డి ఆఫీసుకు ఒకనాడు ఎల్లారెడ్డి నుంచి వచ్చి, ఆ రోజు పేపర్ ముక్క నా ముందు పెట్టారు. నేను రాసిన వార్తలో ఒక లెక్క చుట్టూ ఎర్ర గీత.

"వంద ఎకరాల్ల ముప్పై మునిగితే ఎనభై ఎట్ల మిగిలినయ్ విలేకరీ?"

అచ్చు తప్పు సార్ అన్నాను.

"అచ్చు ఏం జేసింది పాపం. తీసివేత నువ్వు జేసినవ్."

అప్పటినుంచి నెలకు రెండు మూడుసార్లు వచ్చేవారు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చునేవారు, వీపు ఎన్నడూ ఆనించలేదు. బయట బస్సు హారన్ వినబడితే లేచి కిటికీ దాకా పోయి చూసి వచ్చేవారు, తన బస్సు కాకపోయినా. ఉద్యోగం విరమించి ఎనిమిదేళ్ళయినా చొక్కా జేబులో సుద్దముక్క, ఒక రబ్బరు ఉండేవి. ఏదన్నా చెప్పాలంటే సుద్ద తీసి ఎక్కడ పడితే అక్కడ రాసేవారు. మా ఆఫీసు తలుపు మీద, టీ కొట్టు బల్ల మీద, బస్సులో ముందు సీటు వీపు మీద. చెప్పడం అయిపోగానే అరచేత్తో తుడిచేసి, ఆ చెయ్యి ప్యాంటుకు రాసుకునేవారు. ఆయన అన్ని ప్యాంట్లకూ కుడివైపు తెల్లటి మరక.

తొమ్మిది గంటల బస్సుకు ఎనిమిదింటికే స్టాండులో ఉండేవారు. ఎనిమిదింబావుకు వేరే బస్సు వస్తే అదే ఎక్కేసేవారు. "ముందుది ఉండంగ వెనకదానికెందుకు ఆగాలె?" కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య కరెంటు స్తంభాలు లెక్కపెట్టేవారు. ప్రతిసారీ వేరే సంఖ్య వచ్చేది. అది ఆయనను నిజంగానే బాధపెట్టేది. ఒకసారి దిగగానే నాకు ఫోన్ చేసి, "ఇయ్యాల నాలుగు తక్కువొచ్చినయ్" అని పెట్టేశారు.

ఆ కేసెట్ సంగతి బయటపడింది ఇంటికి సున్నం వేయించేటప్పుడు. సజ్జ మీదినుంచి ఒక గోనె బస్తా దించారు. ఎల్లారెడ్డి బడి నుంచి బదిలీ అయినప్పుడు, స్టాఫ్ రూం బీరువా మీదున్న ఆయన సామానంతా అటెండర్ అందులో కట్టి ఇచ్చాడట. పాతికేళ్ళకు పైగా ఎవరూ విప్పలేదు. విప్పితే గోటీలు, ఒక బొంగరం, ఒక విజిల్, ఈ కేసెట్.

సార్‌కు ఒక పద్ధతి ఉండేది. క్లాసులో పిల్లల దగ్గర ఏది దొరికినా తీసుకొని, దానికి చీటీ కట్టి దాచేవారు. సంవత్సరం పరీక్షల ఆఖరి రోజు బడి వరండాలో నిలబడి, నంబర్లు పిలిచి ఎవరివి వారికి ఇచ్చేవారు. ఆ రోజు రానివాళ్ళవి బీరువా మీదే ఉండిపోయేవి. చీటీ మీద పేరు రాసేవారు కారు. "పేర్లు ఇండ్లల్ల పిలుచుకుంటరు. నాకు హాజరు పట్టీల నంబరే పిల్లగాడు." సంవత్సరం కూడా రాసేవారు కారు. ఏ ఏడు తీసుకున్నది ఆ ఏడే ఇచ్చేస్తారు కాబట్టి అవసరం లేదనుకున్నారు. ఇప్పుడు చేతిలో తరగతి ఉంది, నంబరు ఉంది, ఏ సంవత్సరం ముప్పై ఏడో తెలియదు.

"పారేయున్రి సార్, ఇప్పుడెవరు ఆడుతరు?" అన్నాను.

ఆయన కుర్చీ అంచు మీది నుంచి లేచారు. "ఇస్తనని చెప్పి తీసుకున్న. ఇయ్యలే. అంటే ఏమైనట్టు? గుంజుకున్నట్టే గద. ముప్పై ఐదేండ్లు దొంగతనం తప్పని చెప్పిన నోరు ఇది."

పాత బడికి పోయి రెండు రోజులు హాజరు పట్టీలు తిరగేశారు. ఆయన అక్కడ పనిచేసిన ఆరేళ్ళలో మూడేళ్ళు మాత్రమే ఎనిమిది-బిలో ముప్పై ఏడో నంబరు దాకా పిల్లలున్నారు. మూడు పేర్లు దొరికాయి. బీబీపేటలో ఒకరు, బిచ్కుందలో ఒకరు, నాగిరెడ్డిపేటలో ఒకరు. అయితే ఊరికే తీసుకుపోయి "నీదా" అని అడగడం ఆయనకు నచ్చలేదు.

"మొహమాటానికి నాదే అంటరు. అండ్ల ఏం ఆట ఉందో చెప్పుమనాలె. చెప్పినోనికి ఇయ్యాలె."

"అయితే ముందు మనకు తెలవాలె గద సార్."

"అందుకే నీ దగ్గరికి వచ్చిన."

కేసెట్ మీద బొమ్మ ఎప్పుడో గీరుకుపోయింది. నాకు కంప్యూటర్ మీద వార్త టైపు చెయ్యడం తప్ప ఏమీ రాదు. స్టేషన్ రోడ్డులో ల్యాప్‌టాపులు బాగుచేసే రషీద్ దగ్గరికి తీసుకుపోయాను. రషీద్ చిన్నప్పుడు ఇట్లాంటి ఆటల మీదే వేసవి సెలవులన్నీ తగలబెట్టినవాడు. కేసెట్ చూడగానే నవ్వాడు.

"సార్, ఆ డబ్బా ఇప్పుడు యాడ దొరుకుతది? దొరికినా దాన్ని తగిలిచ్చే పాత టీవీ యాడిది? కంప్యూటర్‌లనే ఆడొచ్చు. ఎమ్యులేటర్ అని ఒక ప్రోగ్రాం ఉంటది. అది ల్యాప్‌టాప్ తోటి టీవీ గేమ్ లెక్క యాక్టింగ్ చేపిస్తది. కేసెట్ల ఉన్నదంతా ఒక ఫైలు చేసి ఇస్తే సరి, నిజం డబ్బానే అనుకొని ఆట నడుస్తది. పేరు చెప్పున్రి, నెట్‌ల రెండు నిమిషాల్ల దించుత."

"పేరు తెలిస్తే నీ దుకాణానికి ఎందుకొస్త నాయనా? ఇంకోటి. నెట్‌లకెల్లి దించితే ఎవలదో తెచ్చినట్టు. నాకు గిండ్ల ఉన్నదే గావాలె."

రషీద్ నావైపు చూశాడు. అప్పటికే నేను అలవాటు పడ్డవాణ్ణి కాబట్టి తల ఊపాను.

కేసెట్‌ను చదివే చిన్న పరికరం ఒకటి ఉంటుంది. ఒకవైపు కేసెట్ గుచ్చుతారు, రెండోవైపు వైరు కంప్యూటర్‌కు. అది హైదరాబాద్ నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ రోజూ పొద్దున ఫోన్. "వచ్చిందా?" లేదంటే వెంటనే పెట్టేయడం. వచ్చిన రోజు ఆయన బిడ్డ వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకొని, నాకంటే ముందే దుకాణం షట్టర్ దగ్గర నిలబడి ఉన్నారు.

మొదటిసారి గుచ్చితే ఏమీ రాలేదు. రషీద్ కేసెట్ బయటికి తీసి, దాని నోట్లోకి బలంగా ఊదాడు. సార్ చప్పున లాక్కున్నారు.

"బడిల గూడ అందరు గిట్లనే ఊదేటోళ్ళు. ఉమ్మి వడితే తుప్పు వట్టదా?"

జేబులోంచి రబ్బరు తీశారు. లోపలి రాగి పళ్ళను జవాబు పత్రంలో తప్పు చెరిపినట్టు ఒక్కొక్కటే తుడిచారు. రబ్బరు మీద నల్లటి మసి వచ్చింది. రెండోసారి గుచ్చితే పరికరం చదివింది. ఫైలు ఎంతుందో రషీద్ చూపించాడు. నలభై కేబీ.

"అంటే ఎంత?"

"ఫోన్ల తీసిన ఒక్క ఫోటో గింతకంటె వంద రెట్లు పెద్దగుంటది సార్."

సార్ స్టూలు మీద కూర్చున్నారు. నిండుగా కూర్చోవడం నేను అదే చూడడం. "గింత దానికోసమా ఆ పిల్లగాండ్లు లెక్కలు ఇడిచిపెట్టింది" అన్నారు.

ప్రోగ్రాం తెరిచి ఆ ఫైలు ఇస్తే, ముందు నల్ల తెర, తర్వాత మాకెవరికీ చదవరాని అక్షరాలు, ఆ తర్వాత ఒక భవనం. నిచ్చెనలు, తాళం చెవులు, వాటిని ఏరుకుంటూ ఉరికే బొమ్మ మనిషి. గలగలమని ఒక పాట. రషీద్‌కు కూడా ఆ ఆట తెలియదు. "అందరి దగ్గర ట్యాంకులు, విమానాలు ఉండేది. గిది ఎన్నడు చూడలే" అన్నాడు. అది మాకు మంచిదే అయింది.

బాణం గుర్తుల మీటలతో నడవాలి, ఇంకో మీటతో ఎగరాలి. సార్ వేలు సుద్దను నొక్కినట్టు నొక్కేది. మొదటి అంతస్తులోనే ఏడుసార్లు పడిపోయారు. రషీద్ జాయ్‌స్టిక్ ఒకటి తగిలించి ఇచ్చి, ఆటను మధ్యలో దాచుకునే మీట చూపించాడు.

"ఎక్కడికి పోయిన్రో అక్కడ దాచుకోన్రి. చచ్చిపోతే మళ్ళ ఆడికెల్లే మొదలు."

"పరీక్షల సగం రాసి, ఇంటికి వోయి పుస్తకం చూసొచ్చినట్టా? ఆ పిల్లలకు లేనిది నాకెందుకు?"

ఆట ఏమిటో తెలిసింది, ఆయన పని అక్కడికి అయిపోవాలి. కానీ "పై అంతస్తుల ఏముందో తెలవకుండ వాండ్లను నేనేం పరీక్షిస్త?" అంటూ ఆడడం మొదలుపెట్టారు. వాళ్ళావిడ ఒకసారి ఫోన్‌లో నాతో, "నువ్వే అంటగట్టినవ్ బిడ్డా గీ రోగం. పొద్దుగాల సంధ్యావందనం లెక్క కూసుంటున్నడు" అంది. నెల రోజులకు రెండో అంతస్తు. ఇంకో నెలకు మూడోది. నాలుగో దాంట్లో ఒక గోడ వచ్చింది. అక్కడ నిచ్చెన లేదు, తలుపు లేదు, వెనక శత్రువులు తరుముకొస్తారు. గళ్ళ కాగితం మీద ఆ అంతస్తు పటం గీసి, ఎగరవలసిన దూరాలు లెక్కకట్టి నాకు చూపించారు. లెక్క సరిగ్గానే ఉంది. గోడ మాత్రం అట్లాగే ఉంది.

మధ్యలోనే ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్ళాం. బీబీపేట ముప్పై ఏడు, శ్రీకాంత్, ఎరువుల దుకాణం. సార్‌ను చూడగానే గల్లా దగ్గరినుంచి లేచివచ్చి కాళ్ళు మొక్కాడు. కేసెట్ చూపగానే, "నాదే సార్. ఇన్నేండ్లు దాచిండ్రా?" అన్నాడు.

"ఏం ఆట ఉంటది అండ్ల?"

"ట్యాంకుల ఆట సార్. అప్పుడు అందరిది గదే గద."

సార్ టీ తాగి, కేసెట్ సంచిలో పెట్టుకొని లేచారు. బస్సులో, "వాడు అబద్ధమాడలే విలేకరీ. నేను గింత దూరం వచ్చిన గదాని, తీసుకొని నన్ను సంతోషపెడ్దామనుకున్నడు" అన్నారు. తర్వాత స్తంభాలు లెక్కపెట్టడంలో పడ్డారు.

బిచ్కుంద ముప్పై ఏడు గంగామణి. మెడలో టేపు వేసుకొని, జాకెట్టు కొలత ఇస్తున్న ఒకామెతో మరాఠీలో మాట్లాడుతోంది. కేసెట్ చూసి పకపకా నవ్వింది.

"నాకెవలిస్తరు సార్ గేములు? మీరు నా దగ్గర గుంజుకున్నయి గచ్చకాయలు. ఐదు. ఆఖరి రోజు ఇచ్చిన్రు, నాలుగే ఉండె."

సార్ కేసెట్ సంచిలో పెట్టబోతూ ఆగారు. "ఐదా?"

"ఐదే సార్. నాలుగు గచ్చకాయలతోని ఎట్లాడుత?"

తిరుగు ప్రయాణంలో ఆయన ఒక్క స్తంభం కూడా లెక్కపెట్టలేదు. వారం తర్వాత ఆ గోనె బస్తాను తిరగేసి దులిపితే ఒక గచ్చకాయ దొరికిందట. దాన్ని కవరులో పెట్టి బిచ్కుందకు పోస్టు చేయించారు. గంగామణి నాకు ఫోన్ చేసింది. "ముట్టింది సార్. గిది నాది గాదు, నావి చిన్నగ ఉండె. కాని సార్‌తోని అనకున్రి."

మూడో ముప్పై ఏడు సాయిలు. నాగిరెడ్డిపేటలో రోడ్డు పక్కనే మోటర్ వైండింగ్ దుకాణం. పోచారం ప్రాజెక్టు కింద వరికి నీళ్ళు పెట్టే కాలం, ముందు కాలిపోయిన మోటర్లు వరుసగా పెట్టి ఉన్నాయి. సార్‌ను గుర్తుపట్టాడు. లేచి నిలబడ్డాడు, కాళ్ళు మొక్కలేదు. కేసెట్ చూపిస్తే ముట్టుకోలేదు.

"నాది గాదు సార్."

"సరిగ్గ సూడు."

"సూసిన. నాది గాదు."

సార్‌కు ఇక అడిగేది లేకపోయింది. అయినా ఎందుకో ల్యాప్‌టాప్ తెరిచి ఆట పెట్టారు. పాట మొదలైంది. సాయిలు మళ్ళీ కూర్చొని రాగి తీగ చుట్టుకుంటున్నాడు. తలెత్తకుండానే, "పాట ఉరుకుతున్నది" అన్నాడు.

"ఏందీ?"

"స్పీడ్ ఎక్కువున్నది అంటున్న."

మోటర్ల మోత వినీ వినీ ఏ చప్పుడైనా వేగాన్ని బట్టే వింటాడేమో అనుకున్నాను. సార్ కూడా అంతే అనుకున్నట్టున్నారు. ల్యాప్‌టాప్ మూసి వచ్చేశాం.

ఆ తర్వాత పదిహేను రోజులు ఆయనకు కాలు నిలవలేదు. తను తిరగేసిన పట్టీల్లో ఒకటి తక్కువుందేమో, నాలుగో ముప్పై ఏడు ఎక్కడో ఉన్నాడేమో అని మళ్ళీ బడికి పోయి చూశారు. లేదు. ఒకరోజు జాయ్‌స్టిక్ మీట ఒకటి ఇరుక్కుంటోందని రషీద్ దగ్గరికి వచ్చారు. నేను ఆ రోజు ఊళ్ళో లేను. రషీద్ మీట బాగుచేస్తూ, ప్రోగ్రాంలో ఒక సెట్టింగు చూసి, "సార్, ఇన్ని రోజులు తప్పు ఆడుతున్నరు" అన్నాడట. ఆట తయారైన జపాన్‌లో టీవీలు ఒక తీరు, మన టీవీలు ఒక తీరు. మన టీవీల మీద అప్పట్లో ఇట్లాంటి ఆటలు కొంచెం నెమ్మదిగా నడిచేవి, పాట కూడా. ఆ సెట్టింగు మార్చగానే పాట నెమ్మదించింది. సార్ అట్లాగే నిలబడి ఆ పాట చివరిదాకా విన్నారట. తెప్పించిన టీ తాగకుండా, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకొని, ఏం చెప్పకుండా బస్టాండు వైపు పోయారట.

సాయంత్రం అయిదింటికి నాకు ఫోన్ వచ్చింది. వెనక బస్సు చప్పుడు.

"పాట ఉరుకుతుందని సాయిలుకెట్ల తెలుసు విలేకరీ? మెల్లగ వినకపోతే ఎట్ల తెలుసు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. మరి తనది కాదన్నాడు కదా అన్నాను.

"నీకు ఒక సంగతి చెప్పలే" అన్నారు. "ఆ కేసెట్ తీసుకున్ననాడు ఆ పిల్లగాడు నాతోని ఒక మాటన్నడు. సార్, నాది గాదు, రేపు తిరిగియ్యాలె అన్నడు. వాని మొఖం యాదికి లేదు, మాట యాదికున్నది. నేనేమన్న? దొరికిన ప్రతోడు గట్లనే అంటడు అన్న. చెయ్యి చాపు అనబోయిన. నేను అననీకె ముందే చాపిండు. కొట్టిన."

"అది మామూలే కద సార్ అప్పట్ల."

"మామూలే. అందుకే ఇన్నేండ్లు ఆ మాటను మాట లెక్క తీసుకోలే. నాదే అనేటోని కోసం మూడూళ్ళు తిరిగిన. వాడు నాది గాదని అప్పుడే చెప్పిండు. మొన్న గూడ గదే చెప్పిండు. నిజంగనే వానిది గాకపోతే? తెల్లారి వాడు ఎవలకో తిరిగియ్యలేకపోయె గద. వాండ్లేమన్నరో వాన్ని. దొంగ అన్నరా? ఎవలు చేసిన్రు దొంగను?"

బస్సు ఎక్కడో ఆగింది. ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"రేపు పోదాం. తొమ్మిది బస్సు."

"రేపు కలెక్టరాఫీసుల మీటింగున్నది సార్. ఎల్లుండి పోదాం."

"ఎల్లుండా" అన్నారు. పెట్టేశారు.

మర్నాడు పొద్దున ఆయన ఒక్కరే బయలుదేరడానికి చొక్కా వేసుకున్నారు. నేను వస్తానన్న ఎల్లుండిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఆ మీటింగు వాయిదా పడింది. ఆ సంగతి నాకు తెలిసిన తర్వాత పావుగంటకు వాళ్ళావిడ ఫోన్ వచ్చింది.

పదకొండో రోజు అయిపోయాక ఆమె ల్యాప్‌టాప్, గుడ్డ సంచి తెచ్చి నా ముందు పెట్టింది. "ఇచ్చొస్త ఇచ్చొస్త అని పానం దీసిండు. నువ్వన్న ఇచ్చిరా బిడ్డా."

ఆ రాత్రి ఎల్లారెడ్డిలోనే ఉండి, మర్నాడు అక్కడి బస్టాండులో తొమ్మిది బస్సుకు ఎనిమిదింటికే నిలబడ్డాను. ముందు బస్సు వచ్చింది, ఎక్కాను. సాయిలుకు సార్ పోయిన సంగతి తెలుసు. పోయే ముందురోజు ఫోన్‌లో ఆయన ఏం చెప్పారో చెప్పాను, ఒక్క మాట కూడా కలపకుండా, వార్త చదివినట్టు. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, నేను దాచిన చోట ఆటను తెచ్చాను. గోడ ముందు ఒంటికాలి మీద బొమ్మ మనిషి.

"గీడిదాంక సారే వచ్చిండా?"

"ఆఁ."

"ఎవలు చెప్పకుండనా?"

"ఎవలూ చెప్పలే."

సాయిలు లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. గుడ్డకు తుడుచుకున్నాడు. జాయ్‌స్టిక్ తీసుకొని ఆటను వదిలాడు. బొమ్మ మనిషి ఎత్తిన కాలు కింద పెట్టి, ఎగరలేదు, వెనక్కి తిరగలేదు, నేరుగా గోడలోకి నడిచాడు. గోడ అడ్డుకోలేదు. అది గోడ కాదు, గోడలా గీసిన బొమ్మ. అవతల ఒక గది, దాని నిండా తాళం చెవులు. సాయిలు ఒక్కటి కూడా ఏరలేదు. అక్కడ ఆపి జాయ్‌స్టిక్ కింద పెట్టాడు.

"ఆదివారం ఒక్కరోజు ఆడిన" అన్నాడు.

"ఎవలిది సాయిలూ ఇది?"

"నాది గాదని చెప్పిన గద."

"అది తెల్సు. ఎవలిది?"

అతను తీగ చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. కొస వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. "సార్ నన్ను రెండు సార్లు అడిగిండు. నీదేనా అని. రెండు సార్లు చెప్పిన. ఎవలిదని ఒక్కసారి గూడ అడగలే. అప్పుడు అడిగితె చెప్తుంటి."

"తెల్లారి ఏమైంది మరి?"

"ఏమైతది? తిరిగియ్యలే."

ఇద్దరు రైతులు ఆటోలో కాలిన మోటర్ తెచ్చి దించుతున్నారు. సాయిలు వాళ్ళవైపు వెళ్ళబోతుంటే కేసెట్ చేతిరుమాలుతో సహా బల్ల మీద పెట్టాను. వెనక్కి వచ్చి, చెయ్యి తగలకుండా రుమాలు అంచు పట్టుకొని సంచిలో వేసి, సంచి నా చేతికిచ్చాడు.

"నా దగ్గర పెట్టకున్రి సార్. మళ్ళ నా దగ్గరనే దొరికిందంటరు."

ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. మోటర్ల గురించి, నీళ్ళ గురించి బాగానే మాట్లాడతాడు. కేసెట్ మాట ఎత్తితే, జర పనిల ఉన్న సార్ అంటాడు. అది ఇప్పుడు మా ఆఫీసులో నా బల్ల సొరుగులో ఉంది. చీటీ అట్లాగే ఉంది, నంబరు సాయిలుది. కేసెట్ ఎవరిదో అతను ఇంకా చెప్పలేదు.